నేనెక్కితేనే జారుతుంది

3 మార్చి 1968, ఆదివారం

బండి పాడయింది. ఏం పాడయిందో తెలియదు.

నిన్న పొందూరు నుంచి వస్తుంటే మొదలయింది. ఆక్సిలేటరు తిప్పితే ఇంజను శ్రుతి పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదు. శ్రుతి అని రాశాను. శబ్దం. శబ్దం పెరుగుతోంది. ఇంకా తిప్పితే ఇంకా అరుస్తుంది, కదలదు. పైగా ఏదో కాలుతున్న వాసన. ఖద్దరు మూట కట్టుకుని సైకిలు మీద వెళ్తున్న ముసలాయన ఒకాయన నన్ను దాటి వెళ్ళిపోయాడు. దాటుతూ జాలిగా చూశాడు కూడా.

కంపెనీ వాళ్ళు బండితో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం తిరగేశాను. దీన్ని క్లచ్ స్లిప్పింగ్ అంటారట. ఎడమ చేతి దగ్గర ఉండే లీవరు నొక్కితే ఇంజనుకీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది, వదిలితే కలుస్తుంది. నా బండిలో వదిలినా కలవడం లేదు. ఇంతవరకూ అర్థమయింది. ఎందుకు కలవదో నాలుగు పేజీలు రాశాడు. అది అర్థం కాలేదు.

వచ్చే నెల జగన్నాధంగారు వస్తారు. విశాఖపట్నంలో మా ఎరువుల కంపెనీ సేల్సు ఆఫీసరు. నా వెనక సీటు మీద కూర్చుని నా టెరిటరీ అంతా తిరుగుతారు. అన్నీ సవ్యంగా ఉంటే నన్ను పర్మనెంటు చేస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. ఇంటర్వ్యూలో ఆయనే అడిగారు, మోటారు సైకిలు రిపేరు వచ్చునా అని. మొత్తం వచ్చునండీ అన్నాను. నాకు వచ్చిందల్లా సైకిలు చైను ఎక్కించడం. ఇక్కడ శ్రీకాకుళంలో మెకానిక్కు దగ్గరికి వెళ్దామంటే, అతను మా కంపెనీ లారీలు చూసే మనిషి. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి విశాఖపట్నంలో తెలిసిపోతుంది.

ఉద్యోగం పోతే మళ్ళీ విజయనగరం. మళ్ళీ నాన్నగారి పక్కన చాప మీద కూర్చోవడం.

4 మార్చి

లీవరు దగ్గర కేబులుకి కాస్త వదులు ఉండాలట. ఫ్రీ ప్లే. అది లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం నొక్కినట్టే ఉంటుందట. పెరట్లో చింకి చాప వేసుకుని గంట సేపు కూర్చుని వదులు చేశాను. స్పానరు తిరగకపోతే మా ఇంటాయన గంగులు తన ఆయిలింజను స్పానరు ఇచ్చాడు. నాగావళి ఒడ్డున ఆయనకి పొలం ఉంది, ఆయిలింజనుతో నీళ్ళు తోడతాడు. కాబట్టి ఇంజన్లన్నీ తనకి చుట్టాలే అనుకుంటాడు. ఏటి బాబూ, ఇంత సిన్న మరకి ఇంత పెద్ద పుస్తకవేటి అని నవ్వాడు.

5 మార్చి

జారలేదు! జగదీశ్వరికి చెప్పాను, నీ మొగుడు మెకానిక్కు అని. ముందు చేతులు కడుక్కోమంది.

6 మార్చి

జారింది.

9 మార్చి, శనివారం

ఇవాళ క్లచ్ విప్పేశాను. ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

బండి ఎడమ పక్క ఒక మూత ఉంది. దాని స్క్రూలు ఒక్కటీ కదల్లేదు. కిరసనాయిలు పోసి, తిట్టి, మళ్ళీ పోసి విప్పాను. లోపలి ఆయిలు పట్టడానికి జగదీశ్వరి మూకుడు తీసుకున్నాను. అడిగే తీసుకున్నాను. కాదు, తీసుకున్నాక అడిగాను. మూత లోపల క్లచ్ ఉంది. మీద స్ప్రింగులు. ఒక స్ప్రింగు ఎగిరి గంగులు గడ్డికుప్పలోకి పోయింది. దాన్ని గంగులు, వాళ్ళావిడ దేముడమ్మ, నేనూ కలిసి వెతికాం. దేముడమ్మకి దొరికింది. ఇదేనా బాబూ నీ సొమ్ము అని కొంగుతో తుడిచి ఇచ్చింది.

స్ప్రింగుల కింద ప్లేట్లు. ఒకటి స్టీలుది, ఒకటి కార్కు ముక్కలు పొదిగినది. మళ్ళీ స్టీలు, మళ్ళీ కార్కు. ఇవన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే బండి నడుస్తుంది. నావి పట్టుకోవడం లేదు. కార్కు నల్లగా మాడి అద్దంలా మెరుస్తోంది. పెట్రోలుతో కడిగి గరుకు కాగితంతో రుద్దాను. ఏది ముందు ఏది వెనక అన్నది మర్చిపోకుండా ఉండటానికి పైకి అనుకుంటూ పేర్చాను. స్టీలు దెబ్బ, కార్కు విసురు, స్టీలు దెబ్బ, కార్కు విసురు. జగదీశ్వరి గుమ్మంలో నిలబడి, తాళం వేస్తున్నారేమిటి అంది. తాళం కాదు, ప్లేట్లు లెక్కపెడుతున్నానన్నాను. ఎందుకో విసుగ్గా అన్నాను.

10 మార్చి

బిగించాను. ఒక వాషరు మిగిలింది. బండి నడుస్తోంది. మరి ఇది ఎక్కడిది?

13 మార్చి, బుధవారం

కళింగపట్నం వెళ్ళి వస్తుంటే మళ్ళీ అదే. పోయేటప్పుడు సముద్రపు గాలి, ఎండు చేపల వాసన, ఖాళీ రోడ్డు. ఎంత హాయిగా ఉందో. ఆ హాయిలోనే జారడం మొదలయింది.

ఇంటికి వచ్చాక పిచ్చెక్కించే సంగతి ఒకటి జరిగింది. గంగులు తనే ఒకసారి తోలి చూస్తానన్నాడు. ఆయనకి మోటారు సైకిలు ఎవరు నేర్పారని అడిగితే, ఎడ్లబండి తోలినోడికి ఒకడు నేర్పాలా అన్నాడు. వెనక ఒక యూరియా బస్తా కట్టి, దాని మీద వాళ్ళ బావమరిదిని ఎక్కించి నది గట్టు ఎక్కించాడు. బండి కిక్కురుమనకుండా ఎక్కేసింది. వచ్చి, సక్కా ఎల్తన్నాది గదా బాబూ, నీకేటయినాది అన్నాడు. నేనెక్కాను. గట్టు ఎక్కింది, అది నిజమే. అక్కడినుంచి రెండు మైళ్ళు తిన్నగా పోయాక జారింది.

ఆయనెక్కితే జారదు, నేనెక్కితే జారుతుంది. ఆయన నాకు రెండింతలు బరువుంటాడు. ఇందులో న్యాయం ఎక్కడుంది?

బండి మనిసిని ఎరుగుతాది బాబూ, ఎద్దు ఎరగదా అని గంగులు ఓదార్చాడు. జగదీశ్వరి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి హెడ్‌లైటుకి కట్టింది. నేను వద్దనలేదు. పుస్తకంలో ఉన్న కారణాలు అయిపోయాయి.

16 మార్చి

కొత్త ప్లేట్లు విశాఖపట్నం నుంచి బస్సు మీద తెప్పించుకున్నాను. రాత్రంతా ఆయిల్లో నానబెట్టి బిగించాను. ఈసారి స్ప్రింగులు కూడా వీలైనంత గట్టిగా బిగించాను. లీవరు నొక్కాలంటే ప్రాణం పోతోంది. పోనీ. ఎలా జారుతుందో చూస్తాను.

18 మార్చి

జారలేదు. వేళ్ళు నొప్పి.

21 మార్చి

జారలేదు. వేళ్ళు వాచిపోయాయి. అన్నం కలుపుకునేది కుడి చేత్తో కాబట్టి సరిపోయింది గానీ, ఎడమ చేత్తో చెంబు కూడా ఎత్తలేకపోతున్నాను. జగదీశ్వరి నువ్వుల నూనె రాసి, స్ప్రింగులు కాస్త వదులు చేసుకోండి, వేళ్ళు పాడుచేసుకుంటారు అంది. వేళ్ళతో నాకేం పని అన్నాను. ఆవిడ నూనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వదులు చేశాను.

22 మార్చి

జారింది. కొత్త ప్లేట్లు, కొత్త ఆయిలు, సరైన కేబులు. జారింది.

23 మార్చి, శనివారం

ఎక్కడెక్కడ జారుతుందో ఆలోచిస్తున్నాను. శ్రీకాకుళం బజార్లో జారదు. బస్సులు, ఆవులు, జట్కాలు, మాటిమాటికీ క్లచ్ నొక్కి వదలాలి. అరిగిపోవాలంటే అక్కడే అరిగిపోవాలి. అక్కడ బంగారంలా నడుస్తుంది. నౌపడ దగ్గర ఉప్పుమడుల పక్క రోడ్డు తిన్నగా ఉంటుంది, మనిషి కనిపించడు, క్లచ్‌తో పనే ఉండదు. అక్కడ జారుతుంది. రైతులెవరైనా ఎరువు గురించి తిట్టి పంపిస్తే, ఆ కోపంలో వస్తున్నప్పుడు జారదు. సరుకు బాగా అమ్మి సంతోషంగా వస్తుంటే జారుతుంది. నా మనసు బాగుంటే బండికి ఏం నొప్పి? మనసు సంగతి దానికి ఎలా తెలుస్తుంది?

ఇది ఎవరికైనా చెబితే నన్ను ఆస్పత్రికి పంపిస్తారు.

24 మార్చి

నాన్నగారు వస్తున్నారట. నవమి ఉత్సవాలకి కళింగపట్నంలో హరికథకి ఫిడేలు వాయించాలి. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఉంటారట. జగదీశ్వరి పేర ఉత్తరం రాశారు. నా పేర రాయరు.

ఇది ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తాను. పోయిన దసరాకి మూలా నక్షత్రం నాడు మా ఇద్దరి ఫిడేళ్ళూ సరస్వతీ పూజలో పెట్టాం. పూజలో పెట్టాక ముట్టుకోకూడదు. దశమి నాడు తీసి వాయించాలి. ఆ రోజు ఆయన తనది తీసి వాయించారు. నేను నాది తియ్యలేదు. ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వెళ్తున్నాను అని చెప్పాను. ఆయన వాయించడం పూర్తి చేసి ఫిడేలు పెట్టెలో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట అనలేదు. ఏదైనా చెప్పాలంటే జగదీశ్వరికి చెబుతారు, నేను ఎదురుగా ఉన్నా సరే. వాడికి మజ్జిగ కావాలేమో అడుగమ్మా అంటారు. నా ఫిడేలు ఇప్పటికీ అక్కడే పీట మీద ఉందట, కప్పిన గుడ్డ కూడా తియ్యనివ్వడం లేదట.

నాకు సంగీతం మీద కోపం లేదు. తప్పు అన్న మాట మీద కోపం. ఏడేళ్ళ వయసు నుంచి ఇరవై ఏడు దాకా ఆయన నోట నాకు వినిపించిన మాట అదొక్కటే. ఒరే, తప్పు. మళ్ళీ తప్పు. సభలో నలుగురు బాగుందన్నా ఇంటికి వచ్చాక తప్పు. యూరియా బస్తా దగ్గర ఎవరూ నన్ను తప్పు అనరు. గింజ మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే లేదు. నాకు అది చాలు. ఈ ఉద్యోగం నాకు కావాలి. తిండికే కాదు, నేను వేరే మనిషిని అని చెప్పుకోవడానికి కావాలి. అది ఒక పాడు క్లచ్ చేతిలో ఉంది.

2 ఏప్రిల్

జగన్నాధంగారు పదో తారీకున వస్తున్నారు. జారుతూనే ఉంది.

6 ఏప్రిల్, శనివారం

నాన్నగారు వచ్చారు. చిక్కిపోయారు. పెరట్లో బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఈ కమురు వాసనేమిటమ్మా అని జగదీశ్వరిని అడిగారు. క్లచ్ అండీ అని ఆవిడ చెప్పింది. అదేమిటని అడిగారు. నేను నోరు తెరిచాను. ఆయన ఆవిడ వైపే చూస్తున్నారు. నేను చెప్పింది ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన తలూపి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

8 ఏప్రిల్, సోమవారం, రాత్రి భోజనాలయ్యాక

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న నవమి నాడు ఆయన బస్సులో వెళ్ళి వచ్చారు. ఇవాళ మధ్యాహ్నం బస్సు రాలేదు. ఎక్కడో ఆగిపోయిందట. హరికథ సాయంత్రం. ఆయన స్టాండులో నిలబడి నిలబడి ఇంటికి తిరిగి వచ్చారు. జగదీశ్వరి నన్ను చూసింది. నేను బండిని చూశాను. జారినా నడుస్తుంది కదా, మీరు దింపిరండి అంది. ఆయన వద్దనలేదు.

పంచె కట్టుకున్న మనిషి కాబట్టి వెనక సీటు మీద రెండు కాళ్ళూ ఎడమ పక్కకి వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో ఫిడేలు పెట్టె. ఊరు దాటేదాకా బాగానే ఉంది. దాటాక ఇద్దరి మధ్యా చెప్పడానికి జగదీశ్వరి లేదు. ఆరు నెలల్లో మేమిద్దరం అలా ఒంటరిగా ఉండటం ఇదే మొదటిసారి. ఏమైనా అంటారేమోనని మొదట భయంగా ఉంది. అనరని తెలిశాక భయం పోయింది. రోడ్డుకి రెండు వైపులా జీడితోటలు, పూత వాసన. చల్లబడింది. ఆయన బరువు నా వీపుకి తెలుస్తోంది. ఏదో మర్చిపోయినట్టు, నిజం చెప్పాలంటే, బాగుంది.

సగం దూరం పోయాక జారడం మొదలయింది. ఇంజను అరుస్తోంది, బండి ఈడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఈయన వెనక ఉండగానా అనుకున్నాను.

అప్పుడు నాన్నగారు మాట్లాడారు.

దిగేటప్పుడు ధైవతం అంత పైన పడుతోందేమిట్రా, వేలు వెనక్కి రానీ, తప్పు, అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఏమిటన్నారు అన్నాను. ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాచి నా ఎడమ చేతిని చూపించారు. చూశాను. నాలుగు వేళ్ళూ క్లచ్ లీవరు మీద ఉన్నాయి. ఊరికే లేవు. నొక్కుతున్నాయి, వదులుతున్నాయి, జరుగుతున్నాయి, ఊగుతున్నాయి. భైరవి. పై షడ్జమం నుంచి దిగుతూ ధైవతం దగ్గర చూపుడు వేలు నిలబడి ఊగుతోంది. నా వేలే. నేను చూస్తుండగానే ఇంకొకసారి ఊగింది.

ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. నాన్నగారు ఫిడేలు పెట్టెతో సహా నా నడుం పట్టుకున్నారు.

క్లచ్‌కి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు. నెల రోజుల నుంచి నేను దాన్ని వాయిస్తున్నాను. ఖాళీ రోడ్డు మీద, గాలి తగిలినప్పుడు, మనసు బాగున్నప్పుడు. గంగులు వాయించడు కాబట్టి ఆయనకి జారదు. స్ప్రింగులు బిగించినప్పుడు వేళ్ళు నొక్కినా లోపల కదల్లేదు కాబట్టి జారలేదు. వాపు అందుకే. రెండు సెట్ల ప్లేట్లు నా భైరవికి మాడిపోయాయి.

పందిరి దగ్గర దిగి పంచె సర్దుకుని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. వెనక్కి చూడలేదు. నేను కథ వినలేదు, ఇసకలో కూర్చున్నాను. ఆరు నెలల తరవాత ఆయన నాతో అన్న మొదటి మాటలో కూడా తప్పు అనే ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన నా వేళ్ళు చూసి రాగం గుర్తుపట్టారు. ధైవతం వరకూ గుర్తుపట్టారు. శబ్దమే లేదు కదా!

9 ఏప్రిల్

పొద్దున్న ఒక్కడినే పరీక్ష చేశాను. ఎడమ చెయ్యి పిడి చుట్టూ బిగించి పట్టుకుంటే జారలేదు. వేళ్ళు లీవరు మీద ఊరికే ఆనించి, కదల్చను అని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. మైలు దాటకుండానే కమురు వాసన వచ్చింది.

నేను వదిలేశానని అందరికీ చెప్పాను. నాకూ చెప్పుకున్నాను. అది అబద్ధమా? అబద్ధమాడినట్టు నాకు తెలియలేదే. మరి వదిలింది ఎవరు, వాయిస్తున్నది ఎవరు? నాకేమీ బోధపడటం లేదు. క్లచ్ సంగతి మాత్రం బోధపడింది.

నాన్నగారు మళ్ళీ మాట్లాడలేదు. వాడిని అన్నానికి పిలువమ్మా అన్నారు.

10 ఏప్రిల్, బుధవారం

జగదీశ్వరి పాత చీర అంచు చింపి నా ఎడమ చేతి వేళ్ళు రెండేసి చొప్పున కలిపి కట్టింది. నొక్కడానికి వస్తుంది, వాయించడానికి రాదు. జగన్నాధంగారు దెబ్బేమిటని అడిగారు. స్ప్రింగు తగిలిందన్నాను.

పొందూరు, అక్కడినుంచి పల్లెలు, తిరిగి శ్రీకాకుళం. ఒక్కసారి కూడా జారలేదు. ఆయన చాలా సంతోషించారు. క్లచ్ మొత్తం మీరే విప్పి బిగించారటగా, మీ ఇంటాయన చెప్పాడు అన్నారు. మూడుసార్లండీ అన్నాను. మిగతా సేల్సువాళ్ళు బళ్ళు నాశనం చేస్తున్నారు, మీ దగ్గరికి పంపిస్తాను, కాస్త నేర్పండి అన్నారు. ఒకటో తారీకు నుంచి నేను పర్మనెంటు.

గంగులు వచ్చి నా వీపు మీద చరిచి, నాను సెప్పలేదా బాబూ, బండి మనిసిని ఎరుగుతాదని అన్నాడు. దేముడమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. కట్టు విప్పేటప్పుడు మాత్రం వేళ్ళు నావి కానట్టు తిమ్మిరెక్కి ఉన్నాయి.

12 ఏప్రిల్, శుక్రవారం

నాన్నగారు ఇవాళ వెళ్ళాలి. సాయంత్రం బస్సు. సంచీ సర్దుకుని పెరట్లోకి వచ్చి, స్టాండు వేసి ఉన్న బండి వెనక సీటు మీద కూర్చున్నారు, రెండు కాళ్ళూ ఎడమ పక్కకి వేసుకుని. బస్సు స్టాండుకి దింపమంటున్నారనుకుని ఎక్కి కిక్కు కొట్టబోయాను. ఇంజను వద్దు అన్నారు.

లీవరు మీద వేళ్ళు పెట్టాను. పై షడ్జమం నుంచి దిగు, అన్నారు. దిగాను. తప్పు అన్నారు. వేలు వెనక్కి జరిపాను. ఇంకా, అన్నారు. శబ్దం ఏమీ లేదు, కేబులు లోపల చిన్న కిర్రు. మళ్ళీ అన్నారు. గంగులు తొంగిచూసి, మల్లీ ఏటి రిపేరమ్మా అని జగదీశ్వరిని అడుగుతున్నాడు. ఇంకా కాలేదు అని ఆవిడ చెబుతోంది.

వీధి చివర బస్సు హారను కొట్టింది. మళ్ళీ, అన్నారు నాన్నగారు.